బాగుందని ఒప్పుకోని ఊళ్లో స్టార్టప్ సభ

విజయనగరంలో ఎవరినైనా వ్యాపారం ఎలా ఉందని అడిగి చూడండి. గంటస్తంభం దగ్గర మేం ఎప్పుడూ కొనే మిఠాయి కొట్టు ఒకటుంది. సాయంత్రమైతే జనం కొట్టు ముందు నుంచి రోడ్డు మీదికి పొంగిపోయి ఆటోలకి అడ్డం పడుతుంటారు. తూచి తూచి ఆ కొట్టాయన మణికట్టుకి నొప్పి పట్టి, గుడ్డ చుట్టుకుని మరీ తూస్తుంటాడు. ఆయన్ని అడిగినా ముఖం వేలాడేసి, "ఏటుందమ్మా, ఏదో అలగ గెంటేత్తన్నాం" అంటాడు. బాగుంది అని మాత్రం చచ్చినా అనడు. అంటే మర్నాటికల్లా షట్టర్ పడిపోతుందని భయం. దిష్టి అనేది మా దగ్గర ప్రభుత్వం వెయ్యని పన్ను. ఆ పన్ను తప్పించుకోడానికి ఊరు ఊరంతా ఆదాయం తక్కువ చేసి చూపిస్తుంది.

ఇలాంటి ఊళ్లో నేను స్టార్టప్ కమ్యూనిటీ పెట్టాను. స్టార్టప్ అంటే మరేం లేదు. ఒక చిన్న కంపెనీ మొదలుపెట్టి, నలుగురిలో నిలబడి, మాది బ్రహ్మాండంగా ఉంది, రేపు ఇంకా బ్రహ్మాండంగా ఉండబోతోంది అని గొంతెత్తి చెప్పుకోవడం. అంటే మౌనవ్రతం పట్టినవాళ్లకి పాటల పోటీ పెట్టానన్నమాట. ఆ సంగతి మొదట్లో నాకు తట్టలేదు. బెంగళూరులో ఇలాంటి సభలు నడిపే ఉద్యోగమే చేశాను కాబట్టి, అక్కడ నడిచింది ఇక్కడెందుకు నడవదని నా ధీమా. అక్కడ ట్రాఫిక్‌లో సగం జీవితం గడిచిపోతోందని విసుగెత్తి ఇంటికి వచ్చేశాను. వచ్చిన మొదటి నెల్లోనే మా మేడ మీద హాలు ఊడ్చి, ప్లాస్టిక్ కుర్చీలు వేయించాను.

కింద అమ్మ వయొలిన్ పాఠాలు చెబుతుంది. మా ఇంట్లో తాతల నాటి నుంచీ సంగీతమే తిండి. నేను మాత్రం శ్రుతికి ఎదురుగా పుట్టాను. శనివారం సాయంత్రం కింద పిల్లలు సరళీ వరసల్ని రంపం పెట్టి కోస్తుంటే, పైన మేం దేశ ఆర్థిక భవిష్యత్తు గురించి మాట్లాడుకునేవాళ్లం. రెండింట్లో ఏది ఎక్కువ అపశ్రుతి అని అడిగితే అమ్మ నవ్వి ఊరుకునేది.

మొదటి శనివారం పక్కింటి పిన్ని గోడ మీంచి తల పెట్టింది.

"ఏటే, సబ్బులమ్ముతావేటి? జనాన్ని పోగేత్తన్నావు."

"సబ్బులు కాదు పిన్నీ. స్టార్టప్‌లు."

"అయితే పౌడర్లా?"

నేను ఓపిగ్గా చెప్పాను. కొత్త కొత్త కంపెనీలు పెట్టే పిల్లలంతా ఒకచోట చేరి ఒకరికొకరు సాయం చేసుకుంటారని. పిన్ని అంతా విని, "ఓహో, ఉజ్జోగాల్లేని గుంటలన్నమాట" అని తేల్చేసి లోపలికి వెళ్లిపోయింది. ఇంత చదివి అంత చేసి వచ్చినదాన్ని, నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు వచ్చిన జనాన్ని చూస్తే పిన్ని మాటే నిజమేమో అనిపించి ఇంకా మండింది. ఇద్దరు ఉద్యోగం ఇప్పిస్తామేమోనని వచ్చారు. ఒకాయన మా అందరికీ బీమా చేయిద్దామని వచ్చాడు. ఇంకొకాయన ధ్యానం క్లాసనుకుని వచ్చి, చివరి వరకూ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అందరిలోకీ నా ఉపన్యాసం శ్రద్ధగా విన్నది ఆయనే.

కానీ మొండిదాన్ని. వారం వారం పెట్టాను. మెల్లగా నిజంగా పని చేసేవాళ్లు రావడం మొదలుపెట్టారు. శ్రీకాకుళం నుంచి ఒకబ్బాయి ప్రతి శనివారం బస్సెక్కి వచ్చేవాడు. ఎచ్చెర్ల యూనివర్సిటీలో చదువుకున్నాడు. గుప్పెట్లో పట్టే ఒక మిషను చేశాడు. ధాన్యంలో గుచ్చితే తేమ ఎంతుందో చెబుతుంది. దాంతో రైతు మిల్లుకెళ్లి తేమ ఎక్కువుందని మాట పడకుండా ముందే ఎండబెట్టుకోవచ్చు. మంచి పిల్లాడు. నోరు మాత్రం ఆగదు. అందరితో వరసలు కలిపేసుకుని, అందరికీ బావైపోయాడు. నన్నొక్కదాన్నే అక్కా అనేవాడు, నా కోపం చూసి.

ఇంకొకత్తె సాలూరు పిల్ల. అసలీ కథ ఆ పిల్లదే.

సాలూరులో లారీతో సంబంధం లేని ఇల్లు వెతుక్కోవాలి. వాళ్ల నాన్నకీ లారీలున్నాయి. లారీ ఇక్కణ్నించి రాయపూర్ దాకా సరుకేసుకుని వెళ్తుంది. తిరిగి వచ్చేటప్పుడు సరుకు దొరక్కపోతే ఖాళీగా రావాలి, లేదా దొరికేదాకా అక్కడే టీలు తాగుతూ పడుండాలి. చిన్నప్పట్నుంచీ ఇంట్లో ఈ గోలే విని విని ఆ పిల్ల ఒక యాప్ చేసింది. అటువైపు సరుకు ఎవరి దగ్గరుందో, ఇటువైపు ఖాళీ లారీ ఎవరిదో కలిపి చూపిస్తుంది. అంతే. చూడ్డానికి రంగూ లేదు, హంగూ లేదు. కానీ మా హాల్లో కూర్చున్న అందరిలోనూ నిజంగా నడుస్తున్న కంపెనీ అదొక్కటే. ఆ విషయం ఆ పిల్ల చెప్పలేదు. శ్రీకాకుళం అబ్బాయి నా చెవిలో చెప్పాడు.

వాళ్ల నాన్న చెడ్డవాడు కాదు. ఏడాది గడువిచ్చాడు. ఆ గడువు దాటాక ఒకే మాట అన్నాడట. "మనోళ్లు బాగుందంటే నెక్కనేదు. మొహమాటానికంటారు. బయటోడెవుడైనా వచ్చి సూసి, ఇది నిలబడతాదని సెప్పాల. లేపోతే వైజాగ్‌లో ఉజ్జోగముంది, సోమారం పోయి చేరిపో." వాళ్ల పెదనాన్న కొడుకు ఎక్కడో కంప్యూటర్ల ముందు కూర్చునే పని చూసి పెట్టాడు. మంచి ఉద్యోగమే. చేరిపోతే మాత్రం యాప్ అక్కడితో సరి. పగలంతా డ్రైవర్ల ఫోన్లెత్తడానికి ఇంకెవరూ లేరు.

సరిగ్గా ఆ శనివారమే మా దగ్గరికి హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి రాబోతున్నాడు. నా పాత ఉద్యోగం పరిచయాల్ని పీడించి పీడించి రప్పిస్తున్నాను. చిన్న ఊళ్లు తిరిగి, ఒక్కో ఊళ్లో నచ్చిన కంపెనీని ఒకదాన్ని ఎంచుకుని, ఆర్నెల్ల పాటు దగ్గరుండి నడిపించడం ఆయన పని. నచ్చకపోతే ఎవరినీ ఎంచుకోడు. అంటే శనివారం ఆయన ఊఁ అంటే సోమవారం పిల్ల ఇక్కడే ఉంటుంది. ఉహుఁ అంటే వైజాగ్ బస్సెక్కుతుంది. ఆ పిల్ల వెళ్లిపోతే నా హాల్లో మిగిలేది ప్లాస్టిక్ కుర్చీలూ, ధ్యానం చేసే ఆయనా. నాకు భయంగానే ఉండేది.

అందుకని శుక్రవారం అందర్నీ కూర్చోబెట్టి రిహార్సల్ పెట్టాను.

"నా వెనకాలే అనండి. మా పని బాగా సాగుతోంది."

కింద ఎవరో పిల్లాడి వయొలిన్ మాత్రం ఏడుస్తోంది.

"నువ్వనవే" అన్నాను సాలూరు పిల్లతో.

"మా పని..." అని గుటక మింగింది. "అక్కా, 'సాగుతాంది' వరకూ నేను సెప్తాను. 'బాగా' నువ్వు సెప్పీ."

"నీ కంపెనీకి నేనెందుకు చెప్తానే!"

"నోరు రాటం నేదక్కా. మా ఇంట్లో లారీ బాగా నడుత్తాందని ఎవులైనా అంటే, మా నాయినమ్మ ఆ లారీ ఆ రోజు బయటికే తియ్యనివ్వదు."

శ్రీకాకుళం అబ్బాయి ఉత్సాహంగా లేచాడు. "నేను సెప్తానక్కా. మా మిషను దేశంలోనే..." అని మొదలుపెట్టి, ఏమైందో ఏమో, టపటపా రెండు చెంపలూ వాయించుకుని కూర్చున్నాడు. నేను వాళ్లని తిట్టాను. బతిమాలాను. మీ వల్ల నా పరువు పోతుందని బెదిరించాను. చివరికి అందరూ తలలూపి, రేపు తప్పకుండా చెప్తామని ఒట్టేశారు. ఒట్టైతే వేశారు గానీ, 'బాగుంది' అన్న మాట మాత్రం అప్పుడూ ఎవరూ పైకి అనలేదు.

పెద్దమనిషి పొద్దున్నే దిగాడు. తెల్ల బూట్లు, చేతిలో సన్నటి లాప్‌టాప్. నవ్వుతూ మాట్లాడేవాడే. హైదరాబాద్‌లో పుట్టి పెరిగాడు కాబట్టి, ఎవరేం చెబితే అదే నిజమనుకునే అమాయకుడు. హాల్లోకి వస్తూనే ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, "ఎలా ఉంది బిజినెస్?" అని అడగడం మొదలుపెట్టాడు. నేను వెనకాల నడుస్తూ ప్రతి ఒక్కరికీ కళ్లు పెద్దవి చేసి చూపిస్తున్నాను.

"ఏదో అలగ సాగుతాంది సార్."

"ఏటుంది సార్, తప్పదు కదా."

"మీ దయవల్ల ఇంకా మూసీనేదు సార్."

ఆ మూడో జవాబు ఇచ్చినవాడు నిన్న నా కాళ్లకి దణ్ణం పెట్టి మరీ ఒట్టేసినవాడు. పెద్దమనిషి ముఖం ఒక్కో కుర్చీ దాటుతున్నకొద్దీ జాలిగా మారిపోయింది. ఆసుపత్రిలో మంచం మంచానికీ తిరిగి పలకరిస్తున్నట్టు నడిచాడు.

సాలూరు పిల్ల వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. కింద అమ్మ వంట మొదలుపెట్టింది. అతిథి వస్తున్నాడని పనసపొట్టు కూర. ఆ పిల్ల తెర పక్కన నిలబడి చేతులు జోడించి "నమస్కారం" అందో లేదో, ఎండుమిర్చి పోపు ఘాటు మెట్లెక్కి వచ్చి పెద్దమనిషి ముక్కులో దూరింది. హాలు అదిరేలా ఒక తుమ్ము తుమ్మాడు.

పిల్ల నోరు మూసేసింది. వెళ్లి కుర్చీలో కూర్చుంది. ఎవరో గ్లాసుతో నీళ్లిచ్చారు. తాగింది.

"అయ్యో సారీ. ప్లీజ్, కంటిన్యూ చెయ్యండి" అన్నాడు పెద్దమనిషి.

ఎవరూ కదల్లేదు. శ్రీకాకుళం అబ్బాయి ఆయన దగ్గరికి వంగి మర్యాదగా చెప్పాడు. "సార్, ఒకటి తుమ్మేరు. ఒకటైతే మంచిది కాదు. రెండోది కూడా తుమ్మీండి, సరిపోతాది."

"రెండోది రావట్లేదు."

"వస్తాది సార్. ఆపుకోకండి, వచ్చీనియ్యండి."

హాలు హాలంతా కుర్చీల్లో ముందుకి వంగి ఆయన ముక్కు వంక చూస్తోంది. పాపం ఆయన నిజంగానే ప్రయత్నించాడు. లైటు వంక చూశాడు. ముక్కు నలుపుకున్నాడు. మధ్యలో ఒకసారి వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది. "అరెరే" అన్నారు వెనక వరసవాళ్లు. నాకు ఆ నిమిషంలో బెంగళూరు ట్రాఫిక్ స్వర్గంలా కనిపించింది. అంతలో కింద అమ్మ చారుకి పోపేసింది. ఈసారి తుమ్ము ఇంకా గట్టిగా వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. పొద్దుట్నుంచీ మా సభలో మోగిన మొదటి చప్పట్లు అవే.

పిల్ల మళ్లీ లేచి, గొంతు సవరించుకుని, తెర మీద బొమ్మ చూపించింది. ఏడాదిలో యాప్ వాడకం ఎలా పెరిగిందో చెప్పే గీత. గీత ఏటవాలుగా, కొంచెం నీరసంగా పైకి వెళ్తోంది. దానికి చాలా పైన, ఒక మూల, గుండ్రంగా నల్లటి చుక్క ఒకటి ఉంది.

పెద్దమనిషి నిటారుగా కూర్చున్నాడు. "వెయిట్. ఈ పాయింట్ ఏంటి? అంత పైకి వెళ్లి మళ్లీ ఎందుకు పడిపోయింది? ఆ నెలలో ఏం చేశారు?"

"అది నెల కాదు సార్."

"మరి?"

పిల్ల నా వంక చూసింది. నేను ఫ్యాన్ వంక చూశాను.

"దిష్టి సుక్క సార్" అంది నేల చూపులు చూస్తూ.

ఆయన కాసేపు ఆ చుక్క వంక చూశాడు. తర్వాత ఎన్ని లారీలున్నాయని అడిగాడు. "ఏవో నాలుగున్నాయి సార్" అంది. సాలూరు లారీల్లో సగం ఆ యాప్ మీదే ఉన్నాయని నాకు తెలుసు. డ్రైవర్లు ఇష్టంగా వాడుతున్నారా అని అడిగాడు. "ఏదో, పనీపాటా నేనప్పుడు సూత్తారు సార్" అంది. దీంట్లో మీకున్న బలం ఏమిటి అని అడిగాడు. చాలాసేపు ఆలోచించి, "అందరి దయ సార్" అంది.

పెద్దమనిషి లాప్‌టాప్ మెల్లగా మూశాడు. "చాలా హానెస్ట్‌గా చెప్పారు. థాంక్యూ" అన్నాడు. అలాంటి సభలు బోలెడు నడిపినదాన్ని, ఆ మాటకి అర్థం నాకు తెలుసు. బెంగళూరులో ఆ మాట విన్నవాళ్లు సాయంత్రానికి బ్యాగు సర్దుకునేవాళ్లు.

భోజనాలకి దిగుతుంటే మెట్ల మీద పిల్లని పట్టుకున్నాను. "నీకేమైనా పిచ్చా? ఆ గీతేంటే అలా చచ్చిపోయి ఉంది? నువ్వు నాకు చూపించింది ఇది కాదు కదా?"

"మరీ ఎత్తుగా ఉంటే తగుల్తాదని సగానికి తగ్గించేసేనక్కా."

"సగానికా! చుక్క ఎలాగూ పెట్టావు కదే, మళ్లీ సగం ఎందుకే!"

"సుక్క సరిపోదేమో అని." అని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పోన్లే అక్కా. వైజాగ్ కూడా ఊరే కదా." నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే నేను అరుస్తాను కాబట్టి, నోరు మూసుకుని విస్తరి ముందు కూర్చున్నాను.

అమ్మ వడ్డిస్తూ పెద్దమనిషిని అడిగింది, మా పిల్లలు ఎలా ఉన్నారని. ఆయన మొహమాటంగా, "చాలా మంచివాళ్లండీ. కానీ ఒక్కరికీ బిజినెస్ లేదు. అందరూ కష్టాల్లో ఉన్నారు" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"వాళ్లే చెప్పారండీ."

అమ్మ గరిటె పట్టుకుని ఆగిపోయింది. "వాళ్లనడిగితే ఏం చెబుతారు నాయనా? సంబంధం చూడ్డానికి వెళ్లి, పిల్లాడినే పట్టుకుని నువ్వు బుద్ధిమంతుడివేనా అని అడుగుతామా? పక్కింట్లో అడుగుతాం. పాలవాడిని అడుగుతాం. నెయ్యి వేసుకో."

ఆయన నెయ్యి వేసుకున్నాడు. ముద్ద కలుపుతూ ఆలోచించాడు. భోజనం అయ్యాక పైకి వచ్చి, ఈసారి ఎవరి గురించి వాళ్లు చెప్పొద్దు, పక్కవాళ్ల గురించి చెప్పండి అన్నాడు.

ఇంక చూడాలి. గేటెత్తిన కాలవలా పడ్డారు. పొద్దుట్నుంచీ బెల్లం కొట్టిన రాళ్లలా కూర్చున్నవాళ్లు ఒకరి మీద ఒకరు అరవడం మొదలుపెట్టారు. శ్రీకాకుళం అబ్బాయి కుర్చీ ఎక్కాడు.

"సార్, ఈ గుంట నేకపోతే రాయపూర్‌లో అన్నం నేదు! ఇక్కడి సరుకంతా ఈ పిల్ల సేతిలో ఉన్నాది. రైలోళ్లు కూడా భయపడతన్నారు సార్, గూడ్సు బళ్లకి బేరాల్లేక!"

సాలూరు పిల్ల ఊరుకుంటుందా. "ఈ బావ మిషను సూడండి సార్. ధాన్యం ముట్టుకోనక్కర్నేదు. బస్తా వంక సూపిత్తే సాలు, తేమ సెప్పీస్తాది."

"గుచ్చాలే" అన్నాడు ఆ అబ్బాయి కుర్చీ దిగుతూ మెల్లగా.

"నువ్వూరుకో బావా, నేను సెప్తన్నాను కద!"

సంబంధాలు కుదిర్చేవాళ్లు కుర్రాడికి లేని ఇల్లూ, రాని ఇంగ్లీషూ కలిపి చెప్పినట్టు, అందరూ అందరి కంపెనీల్నీ ఆకాశానికెత్తేశారు. ధ్యానం ఆయన కూడా కళ్లు తెరిచి, ఎవరి గురించో తెలీకుండానే, "చాలా గొప్పవాడు" అన్నాడు. పెద్దమనిషి తల పట్టుకున్నాడు. పొద్దున ఈ ఊళ్లో ఏమీ లేదు, మధ్యాహ్నానికి దేశమంతా ఇక్కణ్నించే నడుస్తోంది. "నేను ఏది నమ్మాలి?" అని నన్నడిగాడు. సాలూరు పిల్ల గురించి నేను నిజం చెప్పినా, ఆ గోలలో అదీ ఒక పొగడ్తే అవుతుంది.

చివరికి ఆయనే ఒక ఉపాయం ఆలోచించాడు. సాలూరు పిల్లని యాప్‌లో ఉన్న డ్రైవర్ల నంబర్లు ఇమ్మన్నాడు. తనెవరో చెప్పకుండా, నాకూ లారీ ఉంది, ఈ యాప్ పెట్టుకుందామనుకుంటున్నాను అని అడుగుతానన్నాడు. వాడేవాళ్లు అబద్ధం ఎందుకు చెబుతారు, అని ఆయన లెక్క. ఫోన్ అందరికీ వినపడేలా పెట్టాడు. పిల్ల గోడకి ఆనుకుని నిలబడింది.

మొదటి డ్రైవర్ వింటూనే అన్నాడు. "ఆ యాప్పా? శుద్ధ దండగ బావు. ఎట్టుకోకండి. ఫోను కూడా పాడైపోతాది."

పెద్దమనిషి గంభీరంగా రెండో నంబరు కొట్టాడు. "ఎవులు సెప్పేరు మీకు దీని గురించి?" అని గద్దించాడు రెండో ఆయన. "అలాంటిదేం నేదు. ఉన్నా పనిసెయ్యదు." టక్కున పెట్టేశాడు.

పిల్ల అలాగే గోడని ఆనుకునే జారి కింద కూర్చుండిపోయింది. సగం సాలూరు ఆ పిల్లని నమ్ముకుని లారీలు తిప్పుతోందని చెప్పినవాళ్లందరూ తలలు దించుకున్నారు. నాకైతే ఆ డ్రైవర్లని దొరకబుచ్చుకుని నాలుగు తగిలించాలనిపించింది. ఇంతకాలం పాపం వేళాపాళా లేకుండా వాళ్ల ఫోన్లెత్తింది ఈ పిల్ల.

పెద్దమనిషికీ అంతటితో ఆపడానికి మనసు రాలేదు. ఇంకొక్కటి అంటూ మూడో నంబరు కొట్టాడు. ఎత్తిన డ్రైవర్ కొంచెం వయసు మళ్లిన మనిషిలా ఉన్నాడు, తీరిగ్గా మాట్లాడాడు.

"మీ బండెక్కడుంటాది బావు?"

"రాయపూర్ వైపే తిరుగుతుందండీ."

"అయితే ఖాళీగానే వచ్చేత్తా ఉండండి. అదే సుఖం. ఈ యాప్పు మాత్రం ఎట్టుకోకండి. అస్సలు బాగుండదు."

"ఏం, మీకు లోడ్లు దొరకట్లేదా?"

"దొరక్కపోటమేటి!" ఆయనకి కోపం వచ్చింది. "పొద్దున దిగితే సాయంత్రానికి నిండా ఎక్కించి పంపించేత్తన్నాది ఆ పిల్ల. ఇదివరకు పెళ్లాం పిల్లల మొకం పండక్కి సూసేవోణ్ణి. ఇప్పుడు వారానికోసారి ఇంటికాడ కూకోని బువ్వ తింతన్నాను. మల్లీ మీరందరూ వచ్చి దూరిపోతే, మా లోడ్లు మాకు మిగుల్తాయేటి? అందుకే సెప్తన్నాను, బాగుండదు! పెట్టీండి ఫోను!"

పెట్టేశాడు. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు నవ్వింది పెద్దమనిషి. తుమ్మినట్టే హాలు అదిరేలా నవ్వాడు. తర్వాత మేమంతా. శ్రీకాకుళం అబ్బాయి కుర్చీలోంచి కింద పడ్డాడు. ఆయన మళ్లీ నాలుగో నంబరుకి, ఐదో నంబరుకి చేశాడు, ఇప్పుడు వినోదం కోసం. అందరూ ఒకటే మాట. వద్దు, పనికిరాదు, మీరు రాకండి. ఒకడైతే ఆ యాప్ పెట్టుకున్నాక తన బండికి రెండు టైర్లు పేలిపోయాయని కూడా చెప్పాడు. "ఇన్ని ఊళ్లు తిరిగాను. కస్టమర్లు ఇంత గట్టిగా కాపలా కాసే కంపెనీని ఎక్కడా చూడలేదు" అన్నాడు పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూ.

తర్వాత పిల్లని పిలిచి, సగం చెయ్యని అసలు గీత చూపించమన్నాడు. పిల్ల బెరుగ్గా తెర మీద పెట్టింది. నేను ఒక్కసారి చూసి చూపు తిప్పుకున్నాను. అప్పుడు గమనించాను, హాల్లో ఎవరూ తెర వంక చూడటం లేదు. ఒకరు ఫ్యాన్ వంక, ఒకరు కిటికీ వంక, ఒకరు తమ చెప్పుల వంక. ఆ పిల్ల గీతకి తమ కన్ను తగలకూడదని అందరూ తలలు తిప్పేసుకున్నారు. వచ్చిన కొత్తలో ఒకరి పక్కన ఒకరు కూర్చోడానికి కూడా మొహమాటపడిన జనం వీళ్లు. అంత మంచివాళ్లని పొద్దుట్నుంచీ మనసులో ఎన్ని తిట్లు తిట్టుకున్నానో తలుచుకుంటే నవ్వొచ్చింది.

గీతని తేరిపార చూసింది హైదరాబాద్ మనిషొక్కడే. చూసి, "మిమ్మల్ని తీసుకుంటున్నాం" అన్నాడు. "కానీ ఒక్క మాట. నా ఆఫీసులో చెప్పాలి. ఒక్కసారి మీ నోటితో మీరు చెప్పండి, మీ పని ఎలా ఉంది?"

పిల్ల నోరు తెరిచింది. పెదవి కదిలింది, "బా" దాకా వచ్చింది. అంతలో కంగారుపడి మింగేసి, "పర్లేదండీ" అంది.

ఆయన నవ్వి, "చాలు, అర్థమైంది" అన్నాడు.

అందరూ టీలకి దిగారు. పిల్ల ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. కప్పులు సర్దడానికి నేనూ ఆ పక్కనే ఉన్నాను. ఫోన్ ఒక్కసారి మోగగానే ఎత్తాడు వాళ్ల నాన్న. పొద్దుట్నుంచీ చేతిలోనే పట్టుకు కూర్చున్నాడనుకుంటా. ఆయన మాట్లాడితే స్పీకర్ పెట్టక్కర్లేదు, సాలూరు నుంచి నేరుగా వినపడుతుంది.

"ఏటయ్యింది?"

"ఏట్నేదు నాన్నా. ఏదో... పర్లేదు."

అటువైపు ఎవరో లారీ వెనక్కి తీస్తుంటే 'రైట్, రైట్' అంటున్న కేక మాత్రం వినపడింది. పిల్ల రెయిలింగ్ గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఆయన గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి చాలా మెల్లగా. నేను చెవి రిక్కించి వినాల్సి వచ్చింది.

"అంత బాగా అయ్యిందేటే తల్లీ?"

పిల్ల ఫోన్‌లో కనపడదన్న ధ్యాస కూడా లేకుండా, తల మాత్రం ఊపుతూ నిలబడింది.